పటాలం ఒక్కటే, ఊళ్లే వేరు

మార్చి 3 వస్తోందంటే జంషెడ్‌పూర్‌లో ఎవరికీ గుర్తుచేయనక్కర్లేదు. జంషెడ్‌జీ టాటా జయంతి. జూబ్లీ పార్కు నిండా దీపాలు, పార్కు చుట్టూ ఇసకేస్తే రాలనంత జనం. మర్నాడు, మార్చి 4, ఉత్త తేదీ. 2022లో ఆ ఉత్త తేదీన రాంచీలో ఒక చిన్న కార్యక్రమం జరిగింది. అప్పటి తెలంగాణ ముఖ్యమంత్రి కె.చంద్రశేఖరరావు (కేసీఆర్), జార్ఖండ్ ముఖ్యమంత్రి హేమంత్ సోరెన్ కలిసి రెండు కుటుంబాలకు చెక్కులు అందించారు. ఒక్కొక్కటి 10 లక్షల రూపాయలు. ఒకటి గంగ ఒడ్డునున్న సాహిబ్‌గంజ్ జిల్లా నుంచి వచ్చిన యువతి చేతికి. రెండోది తూర్పు సింగ్‌భూమ్ జిల్లా, అంటే జంషెడ్‌పూర్ ఉన్న జిల్లాలోనే, బహరాగోడా వైపు పల్లె నుంచి వచ్చిన ఓ సంతాల్ తల్లి చేతికి.

ఇద్దరు ముఖ్యమంత్రుల భేటీ కాబట్టి కెమెరాల చూపు రాజకీయాల మీదే ఉంది. జాతీయ కూటమి వస్తుందా, రాదా అన్న చర్చలో చెక్కుల సంగతి పక్కకు జరిగిపోయింది. నిజానికి ఆ రోజు జరిగిన వాటిలో నిలిచి ఆలోచించదగింది అదొక్కటే అనిపిస్తుంది. గల్వాన్‌లో చనిపోయిన సూర్యాపేట కల్నల్ కుటుంబానికి తెలంగాణ ఏం చేసిందో మనందరికీ తెలుసు. ఆ కల్నల్ వెంట పోరాడి ప్రాణాలిచ్చిన సిపాయి ఇంటిని వెతుక్కుంటూ ఒక తెలుగు రాష్ట్రం జార్ఖండ్ దాకా రావడం మాత్రం చాలామందికి తెలియదు.

ఆ తల్లి కొడుకు పేరు గణేశ్ హాన్స్‌దా. ఊరు కోసాఫలియా. 16వ బిహార్ పటాలంలో సిపాయి. సైన్యంలో చేరింది 2018లో. 2020 జూన్ 15 రాత్రి గల్వాన్ లోయలో చనిపోయేనాటికి అతని వయసు 21. సాహిబ్‌గంజ్ నుంచి వచ్చిన యువతి భర్త కుందన్ కుమార్ ఓఝా. అదే పటాలం, అదే రాత్రి. అప్పటికి ఆయన కూతురు పుట్టి నెల కూడా కాలేదు. ఆ పాపను ఆయన చూడనేలేదు. ఇద్దరికీ కమాండింగ్ ఆఫీసర్ కల్నల్ బిక్కుమళ్ల సంతోష్‌బాబు.

గల్వాన్‌లో వాళ్లంతా కలిసే పోరాడారు. జ్ఞాపకం మాత్రం జిల్లాల వారీగా చీలిపోయింది. సూర్యాపేటకు సంతోష్‌బాబు, మయూర్‌భంజ్‌కు నుదురామ్ సోరెన్, రీవాకు దీపక్ సింగ్, బహరాగోడాకు గణేశ్. ఎవరి వీరుడు వారికి. జంషెడ్‌పూర్ తెలుగువాళ్లకు మాత్రం ఇందులో ఇద్దరితో చుట్టరికం ఉంది. ఒకరితో భాష వల్ల, మరొకరితో తాగే నీళ్ల వల్ల.

యుద్ధం పెట్టిన పేరు

టాటా అంటే ఉత్తరాంధ్ర పల్లెల్లో ఒక ఊరు. మా బాబాయి టాటాలో ఉన్నాడు అంటారు శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో. ఉక్కు కర్మాగారం పనుల కోసం తరాల కిందట బయల్దేరిన వాళ్ల మనవలూ మునిమనవలూ ఇప్పుడు కదమా, సోనారీ, బిష్టుపూర్, టెల్కో కాలనీల్లో ఉన్నారు. బిష్టుపూర్ రామమందిరం పూర్తి పేరులో ‘ఆంధ్ర భక్త’ అన్న మాట ఉంటుంది. ఇంట్లో తెలుగు, వీధిలో హిందీ, మార్కెట్లో బెంగాలీ, అవసరమైతే రెండు ముక్కలు సంతాలీ. ఈ ఊరి తెలుగువాడి మామూలు రోజు ఇలాగే గడుస్తుంది.

జంషెడ్‌పూర్‌కు ఆ పేరు రావడం వెనక యుద్ధం ఉంది. మొదటి ప్రపంచ యుద్ధంలో మెసపొటేమియా, ఈజిప్టు, పాలస్తీనా, తూర్పు ఆఫ్రికా రంగాలకు పోయిన రైలు పట్టాలు సాక్చీ కొలిమిలో పుట్టినవే. యుద్ధం ముగిశాక 1919 జనవరి 2న వైస్రాయ్ చెమ్స్‌ఫర్డ్ స్వయంగా వచ్చి కృతజ్ఞతలు చెప్పి, సాక్చీని జంషెడ్‌పూర్‌గా ప్రకటించారు. కాలీమాటీ స్టేషన్ టాటానగర్ అయింది. రెండో ప్రపంచ యుద్ధంలో ఈ ఊరి ఉక్కుతో తయారైన సాయుధ వాహనాలకు సైనికులు పెట్టుకున్న పేరు కూడా టాటానగరే. 1941లో కొత్తగా బిహార్ రెజిమెంట్‌ను నిలబెట్టినప్పుడు దాని తొలి పటాలం రూపు దిద్దుకున్నది జంషెడ్‌పూర్‌లోనే.

దానికి మూలం 19వ హైదరాబాద్ రెజిమెంట్‌కు చెందిన ఒక ప్రాదేశిక పటాలం. పేరులో హైదరాబాద్ ఉందని మురిసిపోనక్కర్లేదు. అప్పటికే ఆ రెజిమెంట్‌లో కుమావూ కొండల వాళ్లు ఎక్కువ, తర్వాత అది కుమావూ రెజిమెంట్‌గానే మారింది. బిహార్ రెజిమెంట్ మాత్రం మొదటి నుంచీ ఇక్కడి మట్టిది. ఛోటానాగ్‌పూర్ ఆదివాసీలు, గంగా మైదానపు రైతు బిడ్డలు. అందుకే ఆ రెజిమెంట్‌కు యుద్ధ నినాదాలు రెండు. ఒకటి జై బజరంగ్ బలి, రెండోది బిర్సా ముండా కీ జై. ఆంగ్లేయుల మీద విల్లెక్కుపెట్టి రాంచీ జైల్లో చనిపోయిన ముండా యువకుడి పేరు ఆ సైనికులు శత్రువు మీదికి ఉరికేటప్పుడు అరుస్తారు. రెజిమెంట్ కేంద్రం ఇప్పుడు పట్నా పక్కన దానాపూర్‌లో ఉంది.

ఆ రెజిమెంట్‌లోకే 2004 డిసెంబరులో ఒక తెలుగు యువ అధికారి వచ్చాడు. సూర్యాపేటలో బ్యాంకు ఉద్యోగి కొడుకు. ఆరో తరగతి నుంచి చదివింది మాత్రం విజయనగరం దగ్గర కోరుకొండ సైనిక్ స్కూల్లో. అక్కడి నుంచి నేషనల్ డిఫెన్స్ అకాడమీ, డెహ్రాడూన్ మిలిటరీ అకాడమీ, ఆ తర్వాత 16 బిహార్. టాటాకు కార్మికులను పంపిన విజయనగరం, 16 బిహార్‌కు కల్నల్‌నూ అలా పంపింది. మధ్యలో కాంగోలో ఐక్యరాజ్యసమితి శాంతి దళంలో పనిచేశారు. 2019 డిసెంబరులో తాను చేరిన పటాలానికే కమాండింగ్ ఆఫీసర్ అయ్యారు. హైదరాబాద్‌కు బదిలీ కావాల్సి ఉండగా కరోనా వల్ల ఆలస్యమైందని కుటుంబసభ్యులు అప్పట్లో చెప్పారు.

తుపాకీ పేలని యుద్ధం

గల్వాన్ ఒక నది పేరు. పంతొమ్మిదో శతాబ్దం చివర ఆంగ్లేయ యాత్రికులకు దారి చూపిన లద్దాఖీ యువకుడు గులాం రసూల్ గల్వాన్ పేరే దానికి స్థిరపడింది. నది వచ్చి ష్యోక్‌లో కలిసే చోటికి దగ్గర్లో, దాదాపు 14 వేల అడుగుల ఎత్తున, పెట్రోలింగ్ పాయింట్ 14 అనే జాగా. ఒక పక్క నిట్టనిలువు రాతి కొండ, ఇంకో పక్క మంచు కరిగిన నీళ్లు. జూన్‌లో కూడా రాత్రిపూట ఉష్ణోగ్రత సున్నాకు దిగువే.

2020 జూన్ 6న ఇరు దేశాల సైనికాధికారులు వెనక్కి తగ్గాలని ఒప్పుకున్నారు. ఆ ఒప్పందం అమలవుతున్న సమయంలోనే చైనా సైనికులు మళ్లీ ఒక నిర్మాణం నిలబెట్టబోవడం గొడవకు దారితీసింది. 15వ తేదీ రాత్రి అది కొట్లాటగా మారింది. మేకులు దిగ్గొట్టిన కర్రలు, ఇనప రాడ్లు, రాళ్లు. తుపాకులు లేక కాదు, ఉన్నాయి. వాస్తవాధీన రేఖకు రెండు కిలోమీటర్ల లోపల కాల్పులు జరపరాదని 1996లో రెండు దేశాలూ రాసుకున్నాయి. ఆ కట్టుబాటు వల్లే సైనికులు ఆయుధాలున్నా వాడలేదని విదేశాంగ మంత్రి జైశంకర్ ఆ వారమే వివరణ ఇచ్చారు.

ఆ వివరణ చదివినప్పుడల్లా ఆ రాత్రి సంగతి మరింత కఠినంగా తోస్తుంది. తుపాకీ యుద్ధంలో దూరం ఉంటుంది. ఇక్కడ లేదు. చీకట్లో మనిషికి మనిషి ఎదురుబొదురు, ఊపిరి అందని ఎత్తు, కాలు జారితే నది. ఇరవై ఒకటో శతాబ్దపు రెండు అణ్వస్త్ర దేశాలు నన్నెచోడుడి కాలం నాటి ఆయుధాలతో తలపడ్డాయి. మొదట ముగ్గురు చనిపోయారని సైన్యం ప్రకటించింది. రాత్రయ్యేసరికి మరో 17 మంది, తీవ్ర గాయాలతో గడ్డకట్టే చలిలో ఉండిపోయి ప్రాణాలు వదిలారని చెప్పింది. మొత్తం 20. అంటే చాలామందిని దెబ్బతో పాటు చలీ చంపింది. 1975లో అరుణాచల్ వైపు తులుంగ్ లా కనుమ దగ్గర నలుగురు అస్సాం రైఫిల్స్ జవాన్లు చనిపోయాక ఈ సరిహద్దులో పోరులో ప్రాణనష్టం జరగడం అదే మొదలు. తమవైపు నలుగురు చనిపోయారని చైనా ఒప్పుకోవడానికి ఎనిమిది నెలలు పట్టింది.

సంతోష్‌బాబు మహావీర్ చక్ర ప్రశస్తిలో ఉన్నదేమిటంటే, శత్రువుకు ఎదురుగా పరిశీలన స్థావరం ఏర్పాటు చేయించారు, రాళ్లు, పదునైన ఆయుధాలతో మీదపడిన మూకను తన దళంతో అడ్డుకున్నారు, తీవ్రంగా గాయపడ్డా ముందు వరసలోనే నిలిచి తుదిశ్వాస దాకా పోరాడారు. కల్నల్ స్థాయి అధికారి వెనక గుడారంలో వైర్‌లెస్ దగ్గర ఉండొచ్చు. ఆయన ఉండలేదు. పై అధికారి తమ కళ్లెదుట పడిపోయాక కింది వాళ్లు ఏం చేస్తారన్నది ఏ సైన్యానికైనా అసలు పరీక్ష. 16 బిహార్ వెనక్కి తగ్గలేదు. గణేశ్ హాన్స్‌దా లాంటి రెండేళ్ల సర్వీసు కుర్రాళ్లు ఆ వరసలో ఉన్నారు.

చూసినవాడు బతకాలి

సాహసం దానంతటదే పతకం కాదు. దానికి ఒక కాగితపు ప్రయాణం ఉంది. ఎవరో కళ్లారా చూడాలి. చూసినవాడు బతికి బయటపడాలి. వాంగ్మూలం ఇవ్వాలి. కమాండింగ్ ఆఫీసర్ సిఫారసు రాయాలి. అది బ్రిగేడ్, డివిజన్, కోర్, కమాండ్ మెట్లెక్కి సైనిక ప్రధాన కార్యాలయం చేరాలి. అక్కడి నుంచి రక్షణ శాఖ, చివరికి రాష్ట్రపతి. గల్వాన్‌లో సిఫారసు రాయాల్సిన కమాండింగ్ ఆఫీసరే లేడు. కొన్ని ఘట్టాలను చీకటి మింగేసింది. కొన్నింటిని నది తీసుకుపోయింది.

2021 గణతంత్ర దినాన గల్వాన్ పోరుకు ఆరు చక్రాలు ప్రకటించారు. సంతోష్‌బాబుకు మహావీర్ చక్ర. మిగతా ఐదు వీర్ చక్రలు. వాటిలో ఒకటి ప్రాణాలతో బయటపడ్డ హవల్దార్ తేజిందర్ సింగ్‌ది. అంటే చనిపోయిన 20 మందిలో ఐదుగురికి చక్రాలు దక్కాయి. అదే ఏడాది నవంబరు 23న రాష్ట్రపతి భవన్‌లో సంతోష్‌బాబు తల్లీ భార్యా కలిసి పతకం అందుకున్నారు. పరమవీర చక్ర ఇవ్వాల్సిందని తండ్రి బహిరంగంగానే అన్నారు. కన్నవాళ్లు ఆ మాట అనకపోతే ఎవరంటారు?

ఆ ఐదుగురిలో ఇద్దరి గురించి ఇక్కడ ఆగాలి. నాయిక్ దీపక్ సింగ్ నర్సింగ్ అసిస్టెంట్, రీవా జిల్లా మనిషి. ఆయన పని కట్లు కట్టడం. రాయి తగిలి తన ఒంటి నుంచి నెత్తురు కారుతున్నా, కొట్లాట మధ్యలో తిరుగుతూ 30 మందికి పైగా క్షతగాత్రులకు చికిత్స చేసి కాపాడారు. చివరికి తనే దక్కలేదు. శత్రువును ఒక్క దెబ్బ కూడా కొట్టాడో లేదో పట్టింపు లేకుండా ఇచ్చిన వీర్ చక్ర అది. ఆ ఆరింటిలో నాకు అన్నిటికన్నా గొప్పగా తోచేదీ అదే. ఆయన భార్య తర్వాత ఎంపిక పరీక్షల్లో నెగ్గి, చెన్నై ఆఫీసర్స్ ట్రైనింగ్ అకాడమీలో శిక్షణ పూర్తిచేసి 2023లో లెఫ్టినెంట్‌గా సైన్యంలో చేరారు.

రెండో వ్యక్తి నాయబ్ సుబేదార్ నుదురామ్ సోరెన్. ఒడిశాలోని మయూర్‌భంజ్. బహరాగోడాకు ఆనుకునే ఉన్న జిల్లా, ఇప్పటి రాష్ట్రపతి ద్రౌపదీ ముర్ము సొంత జిల్లా కూడా. చైనా సైనికులు ఆయనే నాయకుడని గుర్తుపట్టి గురిపెట్టారు. గాయపడినా వెనక్కి వెళ్లడానికి ఒప్పుకోకుండా తన దళాన్ని నిలబెట్టారు. సోరెన్, హాన్స్‌దా ఇద్దరూ సంతాల్ వాళ్లే. సువర్ణరేఖ ఈవల పుట్టిన కుర్రాడూ, ఆవల పుట్టిన నాయబ్ సుబేదారూ ఒకే లోయలో, ఒకే రాత్రి, సూర్యాపేట అధికారి నాయకత్వంలో చనిపోయారు.

గణేశ్ పేరు చక్రాల జాబితాలో లేదు. రాష్ట్రపతి భవన్‌లో అతని కోసం ఎవరూ ప్రశస్తి చదవలేదు. అందుకని అతని ధైర్యం తక్కువదని సైన్యంలో ఎవరూ అనుకోరు. మనం అనుకుంటాం, మాటల్లో కాకపోయినా చేతల్లో. చక్రం ఉన్నవాడికి కూడలి, లేనివాడికి ఊరి పొలిమేర.

పుట్టిన రాష్ట్రాన్ని బట్టి వెల

డబ్బు మాట ఎత్తితే కొందరికి నచ్చదు. కానీ ఎత్తాలి. తెలంగాణ ప్రభుత్వం సంతోష్‌బాబు కుటుంబానికి 5 కోట్లు, బంజారాహిల్స్‌లో ఇంటి స్థలం, భార్యకు గ్రూప్-1 స్థాయి ఉద్యోగం ఇచ్చింది. ఘటన జరిగిన వారం తిరిగేసరికి, జూన్ 22న, ముఖ్యమంత్రి సూర్యాపేట వెళ్లి అన్నీ అక్కడే అందించారు. ఏడాదికి, 2021 జూన్ 15న, ఊళ్లో విగ్రహం ఆవిష్కరించారు. ప్రభుత్వం కదలాలనుకుంటే ఎంత వేగంగా కదలగలదో అది చూపించింది. అడిగిందీ లేదు, తిప్పించుకున్నదీ లేదు.

అదే లోయలో చనిపోయిన మిగతావాళ్ల కుటుంబాలకు ఏం దక్కిందన్నది వాళ్లు పుట్టిన రాష్ట్రాన్ని బట్టి మారింది. ఒక రాష్ట్రంలో కోటి, ఇంకో రాష్ట్రంలో లక్షలు. ఒకచోట ఉద్యోగం నెలలో, మరోచోట ఫైలు చుట్టూ ప్రదక్షిణలు. పటాలంలో ఒకే రేషన్ తిన్నవాళ్లకు చావు తర్వాత వేర్వేరు వెలలు కట్టే పద్ధతి ఇది. కేసీఆర్ మిగిలిన 19 కుటుంబాలకూ తలా 10 లక్షలు ఇస్తామని 2020లోనే ప్రకటించారు. మాట నిలబెట్టుకోవడానికి దాదాపు రెండేళ్లు పట్టింది. 2022 మార్చిలో రాంచీ, ఆగస్టులో పట్నా. రాజకీయ యాత్రలకు చెక్కులను కలిపారన్న విమర్శ వచ్చింది. కొట్టిపారేయలేం. అయినా 5 కోట్లకూ 10 లక్షలకూ మధ్య ఉన్న అంతరం కన్నా, 10 లక్షలకూ ఏమీ ఇవ్వకపోవడానికీ మధ్య ఉన్న అంతరమే నాకు పెద్దదిగా కనిపిస్తుంది. మరో రాష్ట్రపు సిపాయి కూడా మావాడే అని ఒక రాష్ట్రం రొక్కంగా చెప్పిన సందర్భాలు మన దేశంలో వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

జారి ఊరి పాఠం

జార్ఖండ్‌కు యుద్ధవీరుడంటే ముందు గుర్తొచ్చేది ఆల్బర్ట్ ఎక్కా. గుమ్లా జిల్లా జారి గ్రామం. ఉరావ్ ఆదివాసీ. సైన్యంలో చేరింది బిహార్ రెజిమెంట్‌లోనే. తర్వాత 14 గార్డ్స్ పటాలానికి మారారు. 1971 డిసెంబరు తొలి వారంలో అగర్తలాకు పశ్చిమాన గంగాసాగర్ మీద దాడి. పాకిస్తాన్ మెషిన్‌గన్ ఒకటి తన కంపెనీని పడగొడుతుంటే బయొనెట్‌తో ఆ బంకర్ మీదికి ఉరికి, ఇద్దర్ని పొడిచి గన్ ఆపించారు. అప్పటికే బలంగా గాయపడ్డారు. అయినా బంకర్ తర్వాత బంకర్ తీసుకుంటూ ముందుకే నడిచారు. చివర్లో ఒక పక్కా భవనం పైఅంతస్తు నుంచి ఇంకో మెషిన్‌గన్ మొదలైంది. పాక్కుంటూ దగ్గరికి చేరి గ్రెనేడ్ విసిరారు. గన్ ఆగలేదు. పక్క గోడ ఎక్కి లోపలికి దూకి, కాలుస్తున్నవాణ్ణి బయొనెట్‌తో ముగించారు. ఆ గాయాలతోనే ప్రాణం వదిలారు. లాన్స్ నాయిక్ ఎక్కాకు పరమవీర చక్ర వచ్చింది. ఆ యుద్ధంలో తూర్పు రంగంలో వచ్చిన పరమవీర చక్ర అదొక్కటే.

ఆయన చేసిందంతా ఇంత వివరంగా చెప్పుకోగలుగుతున్నామంటే, చూసినవాళ్లు బతికారు, చెప్పారు, ఎవరో శ్రద్ధగా రాశారు. అగర్తలా దగ్గర సమాధి చేశారు. రాంచీ నడిబొడ్డున కూడలికి ఆయన పేరు, తపాలా బిళ్ల, జారి బ్లాకుకు ఆయన పేరు, 2023లో అండమాన్‌లో ఒక దీవికీ ఆయన పేరు. ఇన్ని పేర్లు పెట్టిన వ్యవస్థకు, ఆయన సమాధి మట్టిని పిడికెడు తెచ్చి సొంతూరికి చేర్చడానికి నాలుగు దశాబ్దాలు చాలలేదు. ఊళ్లో ముసలిదైపోయిన భార్య అడుగుతూనే ఉండేది. పేరు పెట్టడం సులువు. ఇంటివాళ్లు ఏం అడుగుతున్నారో వినడం కష్టం.

గణేశ్ విషయంలో జంషెడ్‌పూర్ దగ్గర ఆ అవకాశం ఇంకా ఉంది. అతని తల్లి ఉంది, అన్నదమ్ముల తరం ఉంది, పక్కన నిలబడి కొట్లాడిన 16 బిహార్ సైనికులు ఇంకా నడివయసు కూడా దాటలేదు. వాళ్లలో కొందరు ఈ కొల్హాన్ పల్లెల వాళ్లే అయి ఉంటారు. రాయదలచుకున్నవాడు ఇప్పుడే కూర్చుని రాయాలి. ఇంకో ముప్ఫై ఏళ్లకు ఆ రాత్రి గురించి చెప్పేవాడు దొరకడు.

కారంపూడి కొణతాలు

వీరులందర్నీ ఒక్కచోట తలచుకోవడం మన తెలుగువాళ్లకు కొత్త విద్య కాదు. పల్నాడులో నాగులేరు ఒడ్డున కారంపూడిలో వీరుల గుడి ఉంది. కార్తీక అమావాస్యకు అయిదు రోజుల ఉత్సవం: రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు. వీరాచారవంతులు ఎక్కడెక్కడి నుంచో తమ వంశాల కొణతాలు, అంటే వీరుల ఆయుధాలు, పట్టుకుని వస్తారు. నాగులేట్లో వాటికి స్నానం చేయిస్తారు. చూడ్డానికి వెళ్లినవాడు గమనించాల్సిన విషయం ఒకటుంది. అక్కడ కొలిచేది ఒక్క బ్రహ్మనాయుణ్ణో, ఒక్క బాలచంద్రుణ్ణో కాదు. అరవై ఆరుగురు వీరులు. మాలకన్నమదాసుకూ పూజ ఉంది. చాపకూడు పంక్తిలో కులం అడగని సైన్యం అది. గుడిలోనూ హోదా అడగరు. ఎనిమిది వందల ఏళ్లుగా పటాలం పటాలంగానే పూజలందుకుంటోంది.

పశ్చిమ గోదావరిలో మాధవరం అనే ఊరుంది, అందరూ మిలిటరీ మాధవరం అంటారు. మొదటి ప్రపంచ యుద్ధానికి 90 మందినీ, రెండోదానికి వెయ్యి మందికి పైగానూ పంపిన ఊరు. అక్కడ కూడా స్తంభం నిలబెట్టింది ఒక మనిషికి కాదు.

జార్ఖండ్ ఆదివాసులు ఈ సంగతిలో మనకన్నా ముందున్నారు. ముండాలు, హోలు చనిపోయినవాళ్ల కోసం రాళ్లు నిలుపుతారు, పరుస్తారు. రాంచీ, జంషెడ్‌పూర్ నడుమ ప్రాంతంలో చోకాహాతు గ్రామపు శ్మశానంలో ఏడు వేలకు పైగా రాతి పలకలున్నాయి. శతాబ్దాలుగా పరుస్తున్నవి, ఇప్పటికీ వాడుతున్నవి. కొన్ని పెద్దవి, కొన్ని చిన్నవి, అన్నీ ఒకే నేల మీద.

ఢిల్లీలో 2019లో తెరిచిన జాతీయ యుద్ధ స్మారకంలో త్యాగ చక్రం అనే వలయం ఉంది. చక్రవ్యూహం నమూనాలో వరసలు తిరిగిన గ్రానైట్ గోడలు. గోడకు ఇటుకల్లా పొదిగిన పలకలు. ఒక్కో పలక మీద ఒక్కో పేరు, హోదా, పటాలం. పాతిక వేలు దాటిన ఆ పేర్లలో గల్వాన్ 20 మందివి 2021 జనవరిలో చేరాయి. దగ్గరికెళ్లి చూస్తే కల్నల్ పలకా, సిపాయి పలకా ఒకే కొలత. ఆ స్మారకం గురించి ఎన్నో వాదాలున్నాయి, ఇండియా గేట్ జ్యోతిని అక్కడికి తరలించడం సహా. కొలత విషయంలో మాత్రం ఎవరూ తప్పుపట్టలేరు. లద్దాఖ్‌లో దుర్బుక్ నుంచి దౌలత్ బేగ్ ఓల్డీ వెళ్లే దారిలో, 120వ కిలోమీటరు దగ్గర సైన్యం తనకోసం తను కట్టుకున్న చిన్న స్మారకంలోనూ ఇరవై పేర్లూ ఒకచోటే ఉన్నాయి.

సైన్యానికి తెలిసిన ఈ లెక్క పౌరులమైన మనకే ఎక్కడం లేదు. జూన్ 15న తెలుగు పత్రికలు సంతోష్‌బాబు ఫొటో వేస్తాయి. రాంచీ హిందీ పత్రికలు గణేశ్, కుందన్ ఫొటోలు వేస్తాయి. ఆ మూడు ఫొటోలూ ఒకే పేజీలో కనిపించాల్సిన చోటు ఏదైనా ఉంటే అది జంషెడ్‌పూర్. ఇక్కడి తెలుగు సంఘాలు ఉగాదికీ, శ్రీరామనవమికీ హాళ్లు నింపగలవు. జూన్ 15 సాయంత్రానికి ఒక హాలు నింపడం వాటికి పెద్ద పని కాదు. వేదిక మీద రాజకీయ నాయకుల వరస లేకుండా, బహరాగోడా నుంచి గణేశ్ ఇంటివాళ్లను పిలిచి, సంతాలీలో వాళ్లు చెప్పేది విని, దాన్ని తెలుగులోకీ హిందీలోకీ రాసి పెట్టుకుంటే చాలు. కోరుకొండ స్కూల్లో సంతోష్‌బాబుతో చదివినవాళ్లు దేశమంతా ఉన్నారు, పిలిస్తే వస్తారు. శాలువాల ఖర్చు తగ్గించుకుంటే రైలు టిక్కెట్లు వచ్చేస్తాయి.

అంతదాకా ఎందుకు, కారులో ఊరెళ్లేవాళ్లకు ఇది ఇంకా దగ్గర. జంషెడ్‌పూర్ నుంచి శ్రీకాకుళం, విజయనగరం వైపు రోడ్డు మీద బయల్దేరితే 18వ నంబరు జాతీయ రహదారి ఎక్కొచ్చు. ఘాట్‌శిల దాటి, వంద కిలోమీటర్లు అటూ ఇటూ వెళ్లేసరికి బహరాగోడా కూడలి. ఎడమకు తిరిగితే ఖరగ్‌పూర్, నేరుగా పోతే బారిపదా, బాలేశ్వర్, అక్కడి నుంచి భువనేశ్వర్ మీదుగా ఇచ్ఛాపురం. సంక్రాంతికి ఈ దారిన వెళ్లే బళ్లన్నీ ఈ కూడలి దాటాల్సిందే. అదే వారంలో ఈ పల్లెల్లో టుసు పరబ్ జరుగుతుంటుంది. రంగు కాగితాలు అంటించిన చౌడళ్లు మోసుకుని, పాటలు పాడుతూ ఏటికి వెళ్లే ఆడపిల్లలతో రోడ్డు కాసేపు ఆగిపోతుంది. ఎలాగూ బండి ఆపుకుని టీ తాగే చోటే. కోసాఫలియా ఈ బ్లాకులోనిదే. గణేశ్ హాన్స్‌దా ఊరికి దారెటని టీ కొట్టువాణ్ణి అడగొచ్చు.